పది లీటర్ల స్ప్రే డ్రోన్ రివ్యూ: విరిగే చోటు కంటికి కనిపిస్తుందా?

ఎగరడం వరకు చూస్తే ఈ డ్రోన్‌కి ఐదుకి నాలుగున్నర ఇస్తాను. ఫ్రేమును తనిఖీ చేసుకునే వీలుకు మాత్రం రెండుకి మించి ఇవ్వలేను. ఎగరడం గురించి చెప్పే వీడియోలు యూట్యూబ్‌లో బోలెడున్నాయి. నేను ఎక్కువగా ఆ రెండు మార్కుల సంగతే రాస్తాను. ఎందుకంటే దాన్ని షాపులో ఎవరూ చూపించరు, కొనేవాళ్ళూ అడగరు.

నేను వైమానిక దళంలో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా, అంటే విమానాల బాడీ తనిఖీ, మరమ్మతు చూసే పనిలో చేసి రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ కాలం ఎంఐ-17 హెలికాప్టర్ల మీదే గడిచింది. ఇప్పుడు నల్లగొండ జిల్లా హాలియా దగ్గర మా ఊళ్ళోనే ఉంటున్నాను. ఈ డ్రోన్ మా తమ్ముడి కొడుకుది. కిరాయికి మందు కొడతాడు. సాగర్ ఎడమ కాలువ కింద వరి, దేవరకొండ వైపు పత్తి, మధ్యలో ఎవరైనా పిలిస్తే బత్తాయి తోటలు. బ్యాటరీలు, చార్జర్ కలిపి ఆరు లక్షలు దాటింది. అందులో సగం పైన అప్పే. అందుకే ఇది చేను మధ్యలో కూలితే ఏమవుతుందోనని వాడికంటే నాకే టెన్షన్ ఎక్కువ. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ సైజులో దొరికే ఆరు ఆర్ముల డ్రోన్లు చాలావరకు ఒకే పద్ధతిలో కట్టి ఉంటాయి కాబట్టి, పేరుకంటే ఎక్కడ ఏం చూడాలన్నదే మీకు పనికొస్తుంది.

ముందు మంచి చెప్తాను. వరి మీద మందు సమంగా పడుతుంది. ఓ మోస్తరు గాలికి పక్కకు కొట్టుకుపోదు. మ్యాప్‌లో గట్లు గీసి ఇస్తే గట్టు దాటకుండా తిరిగి వస్తుంది. ట్యాంకులో మందు అయిపోతే ఎక్కడ ఆపిందో గుర్తుపెట్టుకొని మళ్ళీ అక్కడి నుంచే మొదలుపెడుతుంది. బత్తాయి చెట్ల మీద మాత్రం ఆకుల కిందివైపు తడవడం తక్కువే. దానికి ట్రాక్టర్ స్ప్రేయరే నయం.

ఇక ఫ్రేము. మధ్యలో రెండు కార్బన్ ఫైబర్ ప్లేట్లు, వాటి మధ్య నుంచి ఆరు ఆర్ములు. ఆర్మ్ అంటే కార్బన్ ఫైబర్ గొట్టం. ప్లేటు దగ్గర అల్యూమినియం మడత జాయింట్ ఉంటుంది. గొట్టాన్ని ఆ జాయింట్‌లో పెట్టి క్లాంపుతో, నాలుగు బోల్టులతో బిగించారు. చివర మోటారు, దాని మీద మడతపడే రెక్కలు. ఎగిరినంతసేపూ ఆర్మ్ పైకి వంగుతుంది, దిగగానే సర్దుకుంటుంది. దానికి తోడు మోటారు వణుకు ఆగకుండా ఉంటుంది. కాబట్టి ఈ డ్రోన్ ఎక్కడైనా విరిగేది ఉంటే ముందుగా ఆ క్లాంపు దగ్గరే విరగాలి. ఆ చోటును కంపెనీవాళ్ళు ఎలా కట్టారో చూస్తే చాలు, మిగతా డిజైన్ మీద వాళ్ళ ఆలోచన తెలిసిపోతుంది.

వాళ్ళు ఆ చోటు మీద నల్లటి ప్లాస్టిక్ తొడుగు వేశారు. చూడడానికి నున్నగా, అందంగా ఉంటుంది. కంపెనీ స్టిక్కర్ కూడా దాని మీదే. అది ఊడాలంటే చిన్న స్క్రూలు నాలుగు తీయాలి, లోపలి నుంచి వెళ్ళే లైటు వైరు కనెక్టరు ఊడదీయాలి. చీకటితో లేచి చేనుకు పోయే మనిషి ఆరు ఆర్ములకూ రోజూ ఈ పని చేస్తాడా? చేయడు. నేనైనా చేయను. మాన్యువల్‌లో మాత్రం ‘ప్రతిసారీ ఆర్మ్ జాయింట్లు తనిఖీ చేయండి’ అని ఒక్క లైను రాసి వదిలేశారు. చూడాలంటారు, చూసే దారి మాత్రం ఉంచలేదు.

పత్తికి మందు కొట్టే రోజుల్లో మావాడు వచ్చి, “పెద్దనాయినా, దిగేటప్పుడు ముందు కుడి చెయ్యి జర వణుకుతున్నట్టుంది” అన్నాడు. రెక్కలు మార్చి చూశాం, వణుకు పోలేదు. మోటారు చేత్తో తిప్పితే నున్నగానే తిరుగుతోంది. తొడుగు తీశాను. లోపల ఎండిన మందు పేరుకొని ఉంది. క్లాంపు అంచు వెంబడి తెల్లటి పొడి. ఒక బోల్టు వాషరు కింది నుంచి వెంట్రుకంత గీత బయటికి వచ్చి ఉంది.

గీతా, పగులా అన్నది కంటితో తేల్చుకోకూడదు. నా దగ్గర డై పెనెట్రెంట్ కిట్ ఉంటుంది. మూడు స్ప్రే డబ్బాలు: ఒకటి క్లీనర్, ఒకటి ఎర్ర రంగు, ఒకటి తెల్లటి డెవలపర్. క్లాంపును విప్పి శుభ్రంగా తుడిచి, ఎర్ర రంగు కొట్టి, పది నిమిషాలు ఆగాలి. రంగు పగులులోకి ఇంకుతుంది. పైన మిగిలింది గుడ్డతో తుడిచేయాలి. క్లీనరును గుడ్డకు పూసి తుడవాలి కానీ నేరుగా దాని మీద కొట్టకూడదు, కొడితే పగులులో ఉన్నది కూడా కడుక్కుపోతుంది. తర్వాత డెవలపర్ పలుచగా కొడితే, తెల్లటి పూత మీద ఎర్ర గీత పైకి తేలుతుంది. మా క్లాంపు మీద తేలింది. బోల్టు రంధ్రం అంచు నుంచి మొదలై బయటి అంచు వైపు పోతోంది. ఈ పద్ధతి పైకి తెరుచుకున్న పగుళ్ళకే పనికొస్తుంది. లోపల దాగిన వాటికి పనికిరాదు, పెయింటు మీద కొట్టినా లాభం లేదు.

విమానాల పనిలో మాకు నేర్పిన లెక్క ఒకటి ఇక్కడ చెప్పాలి. పగులు పుట్టగానే ఏదీ విరగదు. అది కొద్దికొద్దిగా పెరుగుతుంది. కంటికో, పరికరానికో దొరికే సైజు ఒకటి ఉంటుంది. ఇక బరువు మోయలేక తెగిపోయే సైజు ఇంకొకటి. ఆ రెంటి మధ్య ఉన్న కాలమే మన చేతిలో ఉన్న గడువు. ఆ గడువులో కనీసం రెండు తనిఖీలు పడేలా షెడ్యూలు వేయాలి, ఒకదానిలో తప్పిపోయినా రెండో దానిలో దొరకాలని. నాలుగు మిల్లీమీటర్ల బోల్టు కింద మామూలు వాషరు వెడల్పు తొమ్మిది మిల్లీమీటర్లు. అంటే రంధ్రం అంచున పుట్టిన పగులు రెండు మిల్లీమీటర్లకు పైగా పెరిగాక గానీ వాషరు కింద నుంచి తల బయటపెట్టదు. దాని మీద తొడుగు కూడా వేస్తే, తొడుగు తీసేదాకా అసలు కనిపించదు. పైన వేసిన ప్రతి కప్పూ గడువు మొదలును ఆలస్యం చేస్తుంది. తెగే సైజు మాత్రం కదలదు. అందంగా కనిపించాలని వేసిన తొడుగు మావాడి గడువులో ఎంత తినేసిందో నేను లెక్క కట్టలేను. ఆ వణుకును వాడు పట్టించుకోకపోయి ఉంటే, పగులు ఉన్నదని మాకు చెప్పేది ఇంకేదీ లేదు.

ఇది చిన్న యంత్రాల సంగతే కాదు. 2002 మే 25న చైనా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 747 విమానం ఒకటి తైపీ నుంచి హాంకాంగ్ పోతూ గాల్లోనే ముక్కలైంది. 225 మంది పోయారు. అంతకు 22 ఏళ్ళ ముందు, 1980లో ఆ విమానం తోక నేలకు రాసుకుంది. గీతలు పడ్డ చోట రేకు పూర్తిగా మార్చకుండా, వాటి మీద ఇంకో రేకు అతికించి రివెట్లు కొట్టారు. ఆ రేకు కింద గీతల నుంచి పగుళ్ళు పుట్టి ఏళ్ళ తరబడి పెరిగాయి. బయటి నుంచి చూసేవాళ్ళకు కనిపించింది పై రేకే. విచారణలో పాత ఫోటోలు తీసి చూస్తే, ఆ అతుకు అంచుల వెంబడి గోధుమరంగు మరకలు ఉన్నాయి. విమానంలో సిగరెట్లు తాగనిచ్చిన రోజుల్లో లోపలి గాలి సందుల్లోంచి బయటికి వచ్చి వదిలిన పొగాకు మరకలవి. లోపల ఏం జరుగుతోందో బయటికి చెప్పింది ఆ మరకలే. చదివేవాళ్ళు లేకపోయారు. సర్వీసులో ఉండగా ఈ కేసు చదివినప్పటి నుంచి, నేను ఏ అతుకు చూసినా ముందు దాని అంచుల్లో మరక ఉందా అని చూస్తాను. మా క్లాంపు మీద తెల్ల పొడి కూడా అలాంటి మాటే చెప్పింది.

1988లో అలోహా ఎయిర్‌లైన్స్ విమానం కథ చాలామందికి తెలుసు. హవాయి దీవుల మధ్య తిరిగే బోయింగ్ 737కు గాల్లో పై కప్పు ఐదు మీటర్లకు పైగా ఊడిపోయింది. రేకుల అతుకు దగ్గర జిగురు వదిలేసి, బరువంతా రివెట్ల మీద పడి, పక్కపక్క రంధ్రాల్లో పుట్టిన చిన్న పగుళ్ళు ఒకటయ్యాయి. ఒక ఎయిర్‌హోస్టెస్ చనిపోయింది. విమానం ఎక్కేటప్పుడు ఒక ప్రయాణికురాలికి తలుపు దగ్గర పగులు కనిపించింది, కానీ ఆమె ఎవరికీ చెప్పలేదు. అమెరికాలో 1978 నాటికే, పగులు ప్రమాదకరం కాకముందే దొరికేలా కట్టామని డిజైనర్లు చూపించాలని నిబంధన వచ్చింది. అలోహా తర్వాత పాతబడిన విమానాల విషయంలో అది ఇంకా గట్టిపడింది.

దీనికి భిన్నంగా, డిజైన్ చేసేవాడే తనిఖీ చేసేవాడి గురించి ఆలోచిస్తే ఎలా ఉంటుందో నేను రోజూ చేత్తో తాకిన చోటు ఒకటి ఉంది. ఎంఐ-17 పైరెక్కలు ఐదు. ఒక్కోదాని లోపల స్పార్ అనే బోలు అల్యూమినియం దూలం ఉంటుంది, బరువంతా మోసేది అదే. దాన్ని రెండువైపులా మూసి లోపల గాలిని ఒత్తిడితో నింపుతారు. రెక్క మొదట్లో పారదర్శకమైన మూత కింద చిన్న సూచిక ఉంటుంది. స్పార్‌లో ఎక్కడ పగులు వచ్చినా గాలి జారి ఒత్తిడి తగ్గుతుంది, సూచికలో ఎరుపు బయటపడుతుంది. ఎగిరే ముందు టెక్నీషియన్ పైకెక్కి ఐదు సూచికలూ చూసి దిగుతాడు. ఎరుపు కనిపిస్తే హెలికాప్టర్ లేవదు. పరికరం అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, చూడాల్సింది ఏమిటో కొత్తగా చేరిన కుర్రాడికి కూడా తెలుసు. ఆ రెక్కను గీసినవాళ్ళ మీద నాకు ఇప్పటికీ గౌరవం. వాళ్ళు మనల్ని చూడకపోయినా మన పని ఎలా ఉంటుందో ఊహించుకొని గీశారు.

ఆరు లక్షల డ్రోన్‌లో అలాంటిది పెట్టమని నేను అడగడం లేదు. తొడుగు పారదర్శకంగా చేస్తే చాలు. లేదా విమానాల ప్యానెళ్ళకు వాడే, పావు వంతు తిప్పితే ఊడే ఫాస్టెనర్లు పెట్టి, లైటు వైరును తొడుగు బయటి నుంచి తీసుకుపోతే చాలు. క్లాంపుకు నల్ల పూత కాకుండా తెల్లదో, లేత బూడిదదో వేస్తే ఇంకా మంచిది. లేత రంగు మీద పగులు గీత, మరక, నూనె, అన్నీ తేలుతాయి. నల్ల కార్బన్ మీద నల్ల క్లాంపు, దాని మీద నల్ల తొడుగు పెడితే టార్చ్ వేసినా కన్ను ఏదీ పట్టుకోలేదు.

ఆ తెల్ల పొడి సంగతి కూడా వివరంగా చెప్పాలి. కార్బన్ ఫైబర్, అల్యూమినియం నేరుగా తగులుతూ ఉండి, మధ్యలో ఉప్పులాంటి తడి చేరితే అల్యూమినియం తినేసుకుపోతుంది. మనం కొట్టే మందులు, ఎరువు నీళ్ళు సరిగ్గా అలాంటి తడే. విమానాల్లో ఈ రెంటి మధ్య సన్నటి గ్లాస్ ఫైబర్ పొరో, సీలెంటో వేసి దూరం పెడతారు. మా డ్రోన్ క్లాంపు విప్పితే మధ్యలో ఏమీ లేదు. తొడుగు లోపల పడ్డ తడి బయటికి పోయే రంధ్రం కూడా లేదు. పైనుంచి కడిగితే నీళ్ళు లోపలికి పోయి అక్కడే నిలుస్తాయి. కింద చిన్న బెజ్జం పెట్టి ఉంటే నీళ్ళూ పోయేవి, మరక కారితే మనకూ కనిపించేది.

గొట్టాల తనిఖీ ఇంకో రకం. అల్యూమినియం గొట్టానికి దెబ్బ తగిలితే సొట్ట పడుతుంది, కనిపిస్తుంది. కార్బన్ ఫైబర్ అలా కాదు. దెబ్బ తిని మళ్ళీ తన ఆకారానికి వచ్చేస్తుంది, లోపల మాత్రం పొరలు విడిపోయి ఉంటాయి. అందుకని నాణెంతో చిన్నగా కొట్టుకుంటూ పోతాను. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి వినడం మనకు తెలిసిందే, ఇదీ అంతే. బాగున్న చోట కంచులా మోగుతుంది, పొరలు విడిన చోట చప్పుడు చప్పగా దిగిపోతుంది. మోటారు ఆపి, చుట్టూ సద్దు లేనప్పుడు, ఒక ఆర్మ్‌ను పక్క ఆర్మ్‌తో పోల్చుకుంటూ వినాలి. క్లాంపు లోపల ఉన్న భాగానికి మాత్రం ఇది పనికిరాదు. అక్కడ అల్యూమినియం చప్పుడే వినిపిస్తుంది. గొట్టం మీద మోటారు వైపు కొంత మేర స్టిక్కర్ చుట్టి అమ్ముతున్నారు, అది మొదటిరోజే తీసేయండి.

ఇదే డ్రోన్‌లో నాకు నిజంగా నచ్చినవి కూడా ఉన్నాయి. ట్యాంకు రెండు క్లిప్పులు తీస్తే పైకి వచ్చేస్తుంది, దాంతో మధ్య ప్లేటు మొత్తం కంటి ముందుంటుంది. ట్యాంకు కడగడానికి రోజూ తీస్తాం కాబట్టి ప్లేటు కూడా రోజూ చూసినట్టే. వేరే పని కోసం తెరిచినప్పుడే తనిఖీ కూడా జరిగిపోయే ఏర్పాటు ఇది. దీన్ని చేసినవాళ్ళు తెలివిగా చేశారు. మోటారు బిగించిన చోట తొడుగు లేదు, బోల్టులన్నీ బయటికే ఉన్నాయి. ప్రతి బోల్టు తల నుంచి పక్క లోహం మీదికి పసుపు పెయింట్ గీత గీశారు. బోల్టు వదులై కొంచెం తిరిగినా గీత విరిగి కనిపిస్తుంది. ఒక్క చూపులో ఆరు మోటార్లూ అయిపోతాయి. అదే చేయి క్లాంపు బోల్టుల దగ్గరికి రాలేదు. దిగే కాళ్ళు మామూలు అల్యూమినియం గొట్టాలు. వంగితే తెలుస్తుంది, హాలియాలోనో మిర్యాలగూడలోనో లోకల్‌గా దొరుకుతాయి.

సర్వీసు గురించి. పగులు ఫోటో పంపితే సర్వీసు సెంటర్ వాళ్ళు మొదట ‘అది మెషినింగ్ గీత (తయారీలో లోహం కోసేటప్పుడు పడ్డది), వాడుకోవచ్చు’ అన్నారు. ఫోన్‌లో మాట్లాడిన అబ్బాయి డ్రోన్ ఎగరేయడం బాగా నేర్చినవాడే, కానీ లోహం మీద గీతకూ పగులుకూ తేడా అతనికి ఎవరూ నేర్పలేదు. డెవలపర్ మీద ఎర్ర గీత తేలిన ఫోటో పంపాక మాట మారింది. వారంటీలోనే ఆర్మ్ మార్చి ఇచ్చారు, డబ్బు అడగలేదు. కానీ పార్టు రావడానికి చాలా రోజులు పట్టింది. పత్తికి మందు కొట్టించుకునే అసలు రోజులు అవి, కిరాయి పోయింది. పాత క్లాంపును మేము పంపిస్తే, దాన్ని కోసి చూసి ఎందుకు పగిలిందో చెప్పమని అడిగాను. జవాబు రాలేదు. ఇది నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ. ఒక క్లాంపు పగిలితే అదే బ్యాచ్‌వి ఇంకా ఎన్ని చేలల మీద తిరుగుతున్నాయో కంపెనీకి తెలుసు, మనకు తెలియదు.

తొడుగుకు మీరే కిటికీ కోసేద్దామని అనుకోకండి. ఈ డ్రోన్లు 2021 డ్రోన్ నిబంధనల కింద టైప్ సర్టిఫికెట్ (ఆ మోడల్ డిజైన్‌కు ఇచ్చే ఆమోదం) తీసుకొని వస్తాయి. మార్పు చేయాల్సింది కంపెనీయే. మీరు చేయగలిగింది వారానికి ఒక రోజు తీరిక పెట్టుకొని ఆరు తొడుగులూ తీసి కడిగి, ఆరబెట్టి, టార్చ్‌ను పక్కవాటుగా పట్టి బోల్టుల చుట్టూ చూడడం. నేరుగా వేసిన వెలుగులో గీత కనిపించదు, ఏటవాలుగా వేస్తే నీడ పడి తేలుతుంది. డెంటల్ డాక్టర్లు వాడే చిన్న అద్దం ఒకటి కొనుక్కుంటే క్లాంపు కింది వైపు కూడా అందుతుంది.

ఇప్పుడు ఈ రివ్యూ ఎందుకింత పొడుగు రాశానంటే, ఈ డ్రోన్లు నాలాంటి ఫిట్టర్ల ఇళ్ళకు పోవడం లేదు. 2023 నవంబరులో కేంద్రం ఆమోదించిన నమో డ్రోన్ దీదీ పథకం కింద 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలని పెట్టుకున్నారు. ధరలో 80 శాతం, 8 లక్షలకు మించకుండా, సర్కారే ఇస్తుంది. సంఘంలో అక్కలకు ఎగరేయడం పక్కాగా నేర్పుతారు. వాళ్ళ చేతికి ఇచ్చే యంత్రంలో విరిగే చోటు స్క్రూల కింద దాచిపెట్టి, తనిఖీ బాధ్యత వాళ్ళదే అనడం న్యాయం కాదు. పొలం గట్టు మీద, తడి చేతులతో, పరికరాలు లేకుండా చూసినా పగులు దొరకాలి. అలా కట్టడం కష్టమేమీ కాదు, ఇదే డ్రోన్‌లో మోటార్ల దగ్గర అలాగే కట్టారు.

మీరు కొనడానికి పోతే, డెమోలో ఎగరేయించే ముందు ఒక ఆర్మ్ క్లాంపు చూపించమని అడగండి. టూల్ లేకుండా చూపిస్తే మంచి మోడల్. స్క్రూడ్రైవర్ తెస్తే ఎంతసేపు పట్టిందో గమనించండి. క్లాంపు మీద లేత రంగు ఉందా, బోల్టుల మీద గీతలు ఉన్నాయా, తడి పోవడానికి బెజ్జం ఉందా అని అడగండి. గొట్టానికీ క్లాంపుకూ మధ్య ఏ పొర వేశారో అడగండి, సేల్స్ మనిషికి తెలియకపోతే కంపెనీకి ఫోన్ చేయించండి. నాలుగు ఆర్ముల మోడల్ చూస్తున్నట్టయితే ఇవన్నీ ఇంకా గట్టిగా అడగండి. ఆరింటిలో ఒకటి పోతే దింపుకునే అవకాశం కొంతైనా ఉంటుంది, నాలుగింటిలో ఒకటి పోతే నేరుగా కిందికే.

మావాడు వచ్చే వానాకాలానికి రెండో డ్రోన్ తీసుకుందామంటున్నాడు. ఇదే కంపెనీ కొత్త మోడల్‌లో తొడుగు క్లిప్పులతో వస్తుందని విన్నాడట. మిర్యాలగూడలో డెమో ఉందన్నాడు, నేనూ పోతున్నాను. క్లాంపు నా కళ్ళతో చూశాక ఈ రెండు మార్కులు మార్చాల్సి వస్తే ఇక్కడే మారుస్తాను.